నాలుగో సంతకం

పోయిన వారం లాంచీ నడిపిన సరంగును ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టి వచ్చాం. కూతురు బతిమాలింది, అరిచింది, చివరికి ఏడ్చింది కూడా. ఆయన పెట్టె మీంచి లేవలేదు. అందులో ఉన్నవి నగలు కావు, దస్తావేజులు కావు. పాత తలల పుస్తకాలు. లాంచీ రేవు వదిలే ముందు ఎక్కినవాళ్ళను వేలు చూపించి లెక్కపెట్టి, ఇంతమంది అని సరంగు తన చేత్తో రాసుకునే పుస్తకాలు. "అందులో నా రాత ఒక్కటే ఉంటే ఎప్పుడో ఇచ్చేవాణ్ణి. వేరేవాళ్ళ సంతకాలున్నాయి. వాళ్ళనడక్కుండా బయటికి తియ్యను," అన్నాడు. కూతురు తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. తెల్లారితే ఆఖరి విచారణ. చేతిలో ఒక్క కాగితం లేదు.

ఇదంతా దేనికోసమో మరిచిపోయినవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఈ కూతురు పోటీ కమిషన్‌లో పరిశీలనాధికారి. రెండు కంపెనీలు ఒకటైపోతామని వస్తే, దానివల్ల జనానికి దెబ్బ తగులుతుందా లేదా అని తేల్చే ఆఫీసు అది. ప్రశ్న వేసిందంటే లోపలిదాకా దిగుతుందని తోటివాళ్ళు ఆమెను సూది అంటారు. ఇప్పుడు ఆమె ముందున్న కేసు, తెల్ల లాంచీల కంపెనీ నీలం లాంచీల కంపెనీని కలిపేసుకోవడం. నీళ్ళు దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే ఆ రేవులో ఉన్నవి ఆ రెండే. అవి ఒకటైతే ఛార్జీ ఎంత పెంచినా, ఆఖరి లాంచీ వేళ ఎంత ముందుకు జరిపినా, అడిగే దిక్కుండదు.

ఆమెకు మాత్రం ఇది వట్టి కేసు కాదు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ రేవులో మూడో లాంచీ ఒకటుండేది, ఆమె తండ్రిది. ఒక మధ్యాహ్నం నడి నీళ్ళలో ఇంజను ఆగిపోయిన తెల్ల లాంచీలోంచి ఇరవై రెండు మందిని ఆయన తన లాంచీలోకి ఎక్కించుకున్నాడు. తనవాళ్ళు ముప్పై ఎనిమిది, వాళ్ళతో కలిపి అరవై. అనుమతి నలభై అయిదుకే. అవతలి రేవులో తనిఖీ అధికారి అప్పటికే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మర్నాడు తెల్ల కంపెనీ నుంచి ఫిర్యాదు, పదకొండో రోజున లైసెన్సు రద్దు. తలల పుస్తకం ఏదని అడిగితే నీళ్ళలో పడిపోయిందన్నాడు సరంగు. ఆ లాంచీని తెల్ల కంపెనీయే తుక్కు ధరకు కొని, రంగు వేసి, మూడో నంబరు అని పేరు పెట్టి ఇప్పటికీ తిప్పుతోంది. కూతురు ఇంతవరకు అది ఎక్కలేదు. ఆ రోజు చెడిపోయిన లాంచీ చక్రం ఎవరి చేతిలో ఉందో మాత్రం ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. ఎవరో జీతగాడై ఉంటాడని ఆమె అనుకుంది.

కేసు తీసుకునేటప్పుడు ఒక ఫారం నింపాలి. ఈ కంపెనీలతో మీకుగానీ మీ దగ్గరి బంధువులకుగానీ పూర్వం ఏదైనా సంబంధం, తగాదా ఉందా అని అందులో ఒక ప్రశ్న. ఉందని రాస్తే కేసు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఆమె 'లేదు' అని రాసింది. తప్పే. నేను వెనకేసుకు రావడం లేదు. కానీ పదిహేడేళ్ళ వయసులో తండ్రి గోడకు తిరిగి పడుకోవడం చూసిన పిల్ల, ఆ పని చేసినవాడి ఫైలు తన బల్ల మీదకు వచ్చి పడితే, దాన్ని పక్క బల్లకు తోసేస్తుందా?

విచారణ గది మూడో అంతస్తులో ఉంది. ఏసీ నుంచి నీళ్ళు కారుతుంటే కింద ప్లాస్టిక్ బక్కెట్టు పెట్టారు. ఒక్కో కుర్చీ ముందు ఒక మైకు, దానికి ఎర్ర మీట. మీట నొక్కితేనే మాట రికార్డవుతుంది. మధ్యలో అధ్యక్షురాలు. రిటైరైన జడ్జి, చెవిలో వినికిడి మెషిన్ ఉంటుంది. నచ్చని వాదన వస్తే దాన్ని తగ్గించేస్తుందని ప్లీడర్లు గుసగుసలాడుకుంటారు. ఎడమవైపు వరసలో తెల్ల కంపెనీ ఛైర్మన్, ఆయన ప్లీడరు, వాళ్ళ లెక్కల మేష్టారు. ఈయన నిజంగానే కాలేజీలో లెక్కలు చెబుతాడు, సెలవుల్లో కంపెనీలకు రిపోర్టులు రాస్తాడు.

మేష్టారి రిపోర్టు చూడ్డానికి ముద్దుగా ఉంది. రంగురంగుల గీతలు. విషయం మాత్రం ఒక్కటే. గత మూడేళ్ళలో నీలం లాంచీలు చెడిపోయి ఆగిపోయిన రోజులు ముప్పై ఒకటి. ఆ ముప్పై ఒక్క రోజుల్లో తెల్ల లాంచీల టికెట్లు ఒక్కటంటే ఒక్కటి కూడా పెరగలేదు. రోడ్డు మీద బస్సు టికెట్లు మాత్రం కాస్త పెరిగాయి.

"ఒక కొట్టు మూసిన రోజు పక్క కొట్లో జనం పెరిగితే ఆ రెండూ పోటీ కొట్లు మేడమ్," అన్నాడు మేష్టారు, క్లాసులో చెప్పినట్టే. "ఇక్కడ పెరగలేదు. అంటే నీలం ప్రయాణికులు తెల్ల లాంచీని తమకు ప్రత్యామ్నాయం అనుకోవడం లేదు. వాళ్ళ ప్రత్యామ్నాయం బస్సు. కాబట్టి ఈ రెండు కంపెనీలు ఒకటైనా పోటీ తగ్గదు. బస్సు ఉంది."

సూది ఎర్ర మీట నొక్కింది.

"మేష్టారూ, తెల్ల లాంచీ ఆగే చోటుకీ నీలం లాంచీ ఆగే చోటుకీ ఎంత దూరం?"

"ఒకే రేవు కదండీ. నలభై అడుగులు ఉంటుందేమో."

"బస్సులో అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే?"

"చుట్టుదారి. వంతెన మీదుగా డెబ్బై కిలోమీటర్లు."

"అయితే ముప్పై ఒక్క రోజులపాటు, ప్రతి మనిషీ ఆ నలభై అడుగులు నడవడానికి బద్ధకించి డెబ్బై కిలోమీటర్లు బస్సులో పోయాడంటారు."

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను అనడం లేదండీ. టికెట్లు అంటున్నాయి."

"మీరు టికెట్లు లెక్కపెట్టారు. తలలు లెక్కపెట్టారా?"

"రెండూ ఒకటే కదా?"

పాపం మేష్టారు పప్పులో కాలేసింది ఇక్కడే. ఆయన లాంచీ ఎక్కితే ఎక్కి ఉంటాడు గానీ, లాంచీ చెడిపోయిన రోజున రేవులో నిలబడి ఉండడు. సూది చెప్పడం మొదలుపెట్టింది. ఒక లాంచీ చెడిపోతే రెండో లాంచీ సరంగు వాళ్ళను ఎక్కించుకుంటాడు. చినిగిన పాత టికెట్టు మీదే. కొత్త టికెట్టు చింపడు, పైసా అడగడు. రేపు తన లాంచీ ఆగిపోతే అవతలివాడూ అంతే చెయ్యాలి. ఏ కంపెనీ కాగితాల్లోనూ ఇది ఉండదు, ఎందుకంటే ఇది యజమానులకు తెలియకుండా సరంగుల మధ్య నడిచే ఆచారం. ఉండేది ఒక్క చోటే, తలల పుస్తకంలో. మునిగితే ఎంతమంది కోసం వెతకాలో తెలియాలి గనక ఎక్కించుకున్న సరంగు లెక్క రాస్తాడు, అప్పజెప్పిన సరంగు పక్కన సంతకం పెడతాడు.

"ఆ ముప్పై ఒక్క రోజుల తెల్ల లాంచీల తలల పుస్తకాలు తెప్పించండి మేడమ్. నీలం జనం ఎక్కడికి పోయారో అందులో ఉంటుంది."

ప్లీడరు తొణక్కుండా లేచాడు. ఫైల్లోంచి తొమ్మిది కాగితాలు తీసి అధ్యక్షురాలి ముందు పెట్టాడు. ఇప్పుడు పనిచేస్తున్న తొమ్మిది మంది సరంగుల వాంగ్మూలాలు. 'అటువంటి ఆచారమేదీ మా ఎరుకలో లేదు' అని తొమ్మిది మందీ రాశారు. తొమ్మిది మందీ అదే మాట, అదే అక్షరం. ఎక్కడ ఉద్యోగం పోతుందోనని రాసిన రాత అది.

"ఆచారం, ఆచారం అంటున్నారు. ఏ పుస్తకంలో ఉంది? ఏ సాక్షి చెప్పాడు?" అన్నాడు ప్లీడరు. "అధికారిణి గారికి ఇది అసలెలా తెలుసో చెప్పమనండి."

సూది నోటిదాకా వచ్చిన మాట 'మా నాన్న'. దాన్ని అక్కడే మింగేసింది.

అధ్యక్షురాలు చెవి మెషిన్ సవరించుకుంది. "కంపెనీ సొంత పుస్తకాలు తెప్పించాలంటే నాకు ఆధారం కావాలి. ఒక్క పాత కాగితం చాలు, ఇలాంటి ఆచారం ఉండేదని. మూడింటిలోపు అది నా ముందుంటే పుస్తకాలన్నీ తెప్పిస్తాను. లేకపోతే మేష్టారి రిపోర్టు మీదే ఈ కలయిక సంగతి తేల్చేస్తాను. భోజనాలకు వెళ్ళి రండి."

సూది భోజనానికి వెళ్ళలేదు. నడవా చివర కిటికీ దగ్గర నిలబడింది. పక్కన మంచినీళ్ళ కూలర్. దాని మీద గ్లాసును గొలుసుతో కట్టేశారు. ఎవరో వచ్చి ఆ గ్లాసులో నీళ్ళు పట్టుకుంటుంటే తలతిప్పి చూసింది. ఛైర్మన్.

నిదానంగా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "గెడ్డం మీ నాన్నదే," అన్నాడు.

ఆమె మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"మొదటి వారమే పోల్చుకున్నానమ్మాయ్. తర్వాత నీ ఫారం కాపీ తెప్పించుకున్నాను. ఎలాగని అడక్కు. తగాదా లేదని రాశావు. భలే దానివి." నవ్వాడు. "నేనూ చక్రం పట్టినవాణ్ణే. గాలి ఎటు తిరుగుతుందో ఒంటికి తెలుస్తుంది."

"మీకేం కావాలి?"

"నాకు కొత్తగా ఏం అక్కర్లేదు. మూడింటికి లోపలికి వెళ్ళి, ఆచారం సంగతి వదిలేస్తున్నానని చెప్పు. ఆఖరి లాంచీ వేళ రెండేళ్ళు కదపకూడదని ఒక షరతు రాసుకో, ఒప్పుకుంటాను. జనం నీకు దణ్ణం పెడతారు, నీ ఉద్యోగం నీకుంటుంది. కాదన్నావనుకో, ఆ ఫారం అధ్యక్షురాలి బల్ల మీద పెడతాను. కేసు పోతుంది, కుర్చీ పోతుంది, పగ తీర్చుకోవడానికి కమిషన్‌లో దూరిందని పేపర్లో వస్తుంది."

"పగే," అంది సూది. ఇరవై రెండేళ్ళుగా ఎవరితోనూ అనని మాట ఇంత తేలిగ్గా బయటికొస్తుందని ఆమె అనుకోలేదు. "దానికి వేరే పేరెందుకు? మా నాన్న అయిదేళ్ళు రేవు వైపు వెళ్ళలేదు. వాసన కూడా పడేది కాదు. గిడ్డంగి గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని లారీలు లెక్కపెట్టాడు. ఇంటికి చుట్టాలొస్తే ఇప్పటికీ గుమ్మంలో నిలబెట్టి తలలు లెక్కపెడతాడు, అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మీరు కూలిపోతే చూడాలని నేను చదువుకున్నాను. తెలిసిందా?"

ఛైర్మన్ గ్లాసు గొలుసును వేలికి చుట్టుకుంటూ విన్నాడు. కోపం రాలేదు. అదే ఆమెకు ఒళ్ళు మండించింది.

"మీ నాన్న మంచివాడు. అందుకే మునిగాడు. ఆ రోజు విచారణలో పుస్తకం ఉంటే బయటపడేవాడు, నీళ్ళలో పడిందన్నాడు. నేనేం చెయ్యను?" గ్లాసు వదిలేశాడు. "మూడింటికి చూద్దాం."

ఆయన వెళ్ళాక ఆమె ఇంటికి ఫోను చేసింది. ఎవరూ తియ్యలేదు. మళ్ళీ చేసింది. పొరుగింటావిడకు చేస్తే, "మీ నాన్న పొద్దున ఆరింటికే సంచీ పట్టుకుని పోయాడమ్మా, ఎక్కడికో చెప్పలేదు," అంది. డెబ్బై ఏళ్ళ తండ్రితో రాత్రి తను ఆడిన మాటలు సూదికి ఒకటొకటే గుర్తొచ్చాయి.

రెండూ యాభైకి అందరూ లోపల కూర్చున్నారు. ప్లీడరు ముందు ఒక కవరు ఉంది. అందులో ఏముందో సూదికి తెలుసు. ఛైర్మన్ కాలు మీద కాలేసుకుని బక్కెట్టులో పడుతున్న నీటిబొట్లను చూస్తున్నాడు.

అధ్యక్షురాలు గడియారం చూసింది. "అధికారిణి గారూ, కాగితం ఉందా?"

మీట మీద వేలు పెట్టింది సూది. వదిలేస్తున్నానంటే ఉద్యోగం మిగులుతుంది, ఛైర్మన్ నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. లేదంటే కవరు తెరుచుకుంటుంది, అప్పుడూ ఆయన నవ్వుకుంటూనే పోతాడు. ఏం చెప్పాలో తేల్చుకునేలోపు వెనక తలుపు కిర్రుమంది.

సరంగు.

ఇస్త్రీ చొక్కా, భుజానికి గుడ్డసంచీ, చెప్పుల నిండా దుమ్ము. గుమ్మంలో ఆగి, అలవాటు ప్రకారం చూపుడువేలు ముందుకు పెట్టి గదినంతా ఒక చివర నుంచి లెక్కపెట్టుకొచ్చాడు. "ఇరవై ఏడు," అనుకున్నాడు పైకే. గుమాస్తా ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయాడు.

"ఎవరండీ మీరు?" అంది అధ్యక్షురాలు.

"సరంగునమ్మా. ఇదే రేవులో ఇరవై ఆరేళ్ళు లాంచీ నడిపాను. చెడిపోయిన లాంచీ జనాన్ని ఎక్కించుకునే సంగతి మీకు చెబుదామని వచ్చాను. పుస్తకాలు తెచ్చాను."

ఛైర్మన్ కాలు మీంచి కాలు దిగింది. ఆయన చూపు సంచీ మీదే ఉంది.

సాక్షిగా చెప్పాలంటే ఒక పత్రం నింపాలని గుమాస్తా పెన్నుతో సహా చేతికిచ్చాడు. సరంగు నిలబడే రాయడం మొదలుపెట్టాడు. పేరు, వయసు, చిరునామా, వృత్తి. అయిదో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"బాబూ, ఇక్కడేం రాయాలి?"

గుమాస్తా తొంగిచూశాడు. "కమిషన్ ఉద్యోగుల్లో మీ బంధువులెవరైనా ఉన్నారా అని. ఉంటే ఉన్నారని రాయండి, లేకపోతే లేదని."

సరంగు తలెత్తి కూతురి వైపు చూశాడు. ఒక్క క్షణమే. నువ్వేం రాశావో నాకు తెలీదు, నువ్వు ఏది రాసుంటే అదే రాస్తాను అన్నట్టుంది ఆ చూపు. లైసెన్సు పోతున్నా పుస్తకం నీళ్ళలో పడిందన్న మనిషి, కూతురి కోసం ఇంకో అబద్ధం రాయడానికి పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. ప్లీడరు కవరు మీద చెయ్యి వేశాడు. ఆయన లేదని రాస్తే చాలు, ఇద్దరినీ ఒకే దెబ్బకు బయటికి పంపెయ్యొచ్చు. ఛైర్మన్ మళ్ళీ వెనక్కి వాలాడు.

ఆ వాలడం చూసింది సూది. ఆమె లోపల తేల్చుకోవలసింది ఇంకేం మిగల్లేదు. ఎర్ర మీట గట్టిగా నొక్కింది.

"ఉన్నారని రాయి నాన్నా."

మైకులోంచి ఆ మాట గది నాలుగు మూలలకూ వెళ్ళింది. టైపు చేస్తున్నావిడ ఆగి, తలెత్తి చూసి, మళ్ళీ టైపు చేసింది.

"నేను ఆయన కూతుర్ని మేడమ్. తెల్ల కంపెనీ ఫిర్యాదు మీద లైసెన్సు పోయింది ఈయనకే. నా ఫారంలో తగాదా లేదని రాశాను. అబద్ధం. ప్లీడరు గారి కవర్లో ఉన్నది అదే. ఆయనకెందుకు శ్రమ, నేనే చెప్పేస్తున్నాను."

ప్లీడరు లేచాడు. పాపం ఆయన సిద్ధం చేసుకున్న ఉపన్యాసంలో సగం ఇంకొకరు చెప్పేశారు. మిగిలిన సగమైనా చెప్పాలి కదా. "మేడమ్, ఇది కక్ష! ఈవిడ అడిగిన ప్రతి ప్రశ్నా కొట్టెయ్యాలి, ఈవిడ తెచ్చిన సాక్షిని బయటికి పంపాలి!"

అధ్యక్షురాలు సూది వైపు చూసిన చూపులో జాలి లేదు. "మీ బ్యాడ్జి తీసి ఈ బల్ల మీద పెట్టండి. ఈ నిమిషం నుంచి మీరు ఈ కేసులో లేరు. మీ సంగతి వేరే ఫైల్లో చూస్తాను. వెళ్ళి వెనక జనంలో కూర్చోండి."

సూది బ్యాడ్జి తీసింది. పిన్ను చొక్కాకు పట్టుకుంటే లాగేసింది, గుడ్డ చిరిగింది. పదమూడేళ్ళ ఉద్యోగం. బల్ల మీద పెట్టి వెనక వరసలోకి నడిచింది. ఛైర్మన్ కుర్చీ పక్క నుంచే వెళ్ళింది, చుట్టూ తిరిగి పోలేదు.

"ఇక ప్లీడరు గారూ," అంది అధ్యక్షురాలు, "ఆవిడ ప్రశ్నలన్నీ కొట్టేద్దాం. కానీ మూడింటిలోపు పాత కాగితం తెమ్మన్నది ఆవిడ కాదు, నేను. రెండూ యాభై ఆరు అయింది. సాక్షిని నేనే అడుగుతాను. మీకేమైనా అభ్యంతరమా?"

ప్లీడరుకు ఇంకో దారి దొరికింది. "సరే మేడమ్. అయితే ఒక్కటి. ఈ పెద్దాయన అప్పటి విచారణలో పుస్తకం నీళ్ళలో పడిపోయిందని చెప్పారు. ఆ రికార్డు మా దగ్గరుంది. నీళ్ళలో పడిన పుస్తకం ఇరవై రెండేళ్ళ తర్వాత ఇంత పొడిగా ఎలా వచ్చింది?"

"పడలేదు బాబూ," అన్నాడు సరంగు. "అబద్ధమాడాను."

"ఎందుకు?" అంది అధ్యక్షురాలు.

సరంగు సంచీలోంచి పుస్తకాలు తీసి బల్ల మీద పేర్చాడు. నల్లటి అట్టలు, తాడు కట్టిన మూడు కట్టలు. "ఇలా జనాన్ని మార్చుకోవడం కంపెనీల వాళ్ళకు తెలియదమ్మా. తెలిస్తే సంతకం పెట్టినవాడి ఉద్యోగం ఊడేది. లైసెన్సు కోసం ఈ పుస్తకాలు చూపిస్తే నేను బయటపడేవాణ్ణే. వీటిలో పద్నాలుగు మంది సరంగుల సంతకాలున్నాయి. వాళ్ళందరి పొయ్యిలో నీళ్ళు పొయ్యాలి. చెయ్యబుద్ధి కాలేదు."

సూదికి ఇది తెలుసు. రాత్రి విన్నప్పుడు మతి లేని మంచితనం అనిపించి ఆయన మీద కేకలేసింది. ఇప్పుడు అందరి ముందూ వింటుంటే తల వంచుకోవాలనిపించింది.

"మరి ఇవాళ ఎలా తెచ్చారు?"

"రాత్రి మా అమ్మాయి తలుపు వేసి పోయాక కూర్చుని లెక్కపెట్టాను. పద్నాలుగులో పదిమంది పోయారు. బతికున్నవాళ్ళు నలుగురు. వాళ్ళనడిగి తీస్తే తప్పులేదు కదా అనిపించింది. పొద్దున్నే బయల్దేరాను. ఒకాయనకు కళ్ళు కనబడవు, పేజీ మీద వేలు పెట్టించుకుని, నాదేనా అని అడిగి, చూపించు అన్నాడు. రెండో ఆయన నన్ను తిట్టాడు, ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మూసుకున్నావురా వెధవా అని. తర్వాత చూపించమన్నాడు. మూడో ఆయన మంచం మీద ఉన్నాడు. మాట రాదు. తలూపాడు."

అధ్యక్షురాలు మొదటి కట్ట దగ్గరకు లాక్కుని, ఒక పుస్తకం తెరిచి, నాలుగైదు పేజీలు తిప్పింది. నీలి సిరా అంకెలు, పక్కన సంతకాలు. 'మనవాళ్ళు ఇరవై తొమ్మిది, వాళ్ళ లాంచీ నుంచి పదకొండు.' 'మనవాళ్ళు ముప్పై మూడు, వాళ్ళ లాంచీ నుంచి ఎనిమిది.' ఆమె పుస్తకం మూసి గుమాస్తాకు సైగ చేసింది. "రాసుకోండి. తెల్ల కంపెనీ లాంచీలన్నిటి తలల పుస్తకాలు, మూడేళ్ళవీ, రేపు పదింటికల్లా ఇక్కడ ఉండాలి. ఒక్కటి తగ్గినా, ఒక్క పేజీ చినిగినా, ఈ కలయికకు నేను ఒప్పుకునే ప్రశ్నే లేదు."

మేష్టారు తన రంగుల రిపోర్టును మెల్లగా సంచీలో పెట్టేసుకున్నాడు.

వెనక వరసలో సూది, బ్యాడ్జి లేని చొక్కా మీద చిరుగును వేలితో తడుముకుంటూ ఛైర్మన్ వీపు వైపు చూసింది. ఇదే కదా చూడాలనుకున్నది. ఇంత తొందరగా, ఇంత మామూలుగా జరుగుతుందనుకోలేదు. అయినా కడుపు చల్లబడలేదు. తండ్రి ఇంకా నిలబడే ఉన్నాడు.

"నలుగురన్నారు," అంది అధ్యక్షురాలు. "ముగ్గురి సంగతి చెప్పారు. నాలుగో ఆయన?"

"ఆయనింటికి వెళ్ళలేదమ్మా. ఇవాళ ఎలాగూ ఇక్కడే ఉంటాడని తెలుసు."

గదిలో కుర్చీలు కదిలాయి. సరంగు సంచీలో మళ్ళీ చెయ్యి పెట్టి ఇంకో పుస్తకం తీశాడు. కట్టలో కలపకుండా విడిగా, పాత తువ్వాలులో చుట్టి తెచ్చాడు. గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి బల్ల మీద పరిచాడు. 'మనవాళ్ళు ముప్పై ఎనిమిది, వాళ్ళ లాంచీ నుంచి ఇరవై రెండు' అన్న వరస కనబడుతోంది. దాని పక్కన సంతకం ఉండే చోట ఆయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

అప్పుడు అర్థమైంది సూదికి. నడవాలో గొలుసు వేలికి చుట్టుకుంటూ ఆ మనిషి అన్న మాట చెవిలో మోగింది. నేనూ చక్రం పట్టినవాణ్ణే. జీతగాడు కాదు, ఈ ఛైర్మనే. ఇంజను ఆగిపోయిందని కేకేసినవాడు, ఇరవై రెండు మందినీ చెయ్యిపట్టి దాటించినవాడు, సంతకం పెట్టి, అవతలి ఒడ్డున తనిఖీ అధికారికి కుర్చీ వేసి ఉంచినవాడు ఒక్కడే. ఆమె తండ్రికి అది మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే, వాడి సంతకం దాచడానికి కూడా ఇరవై రెండేళ్ళు పెట్టె మీద కూర్చున్నాడు.

ఛైర్మన్ లేవబోయి, బల్ల అంచు పట్టుకుని ఆగిపోయాడు.

సరంగు ఆయన వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. రేవులో పక్క లాంచీ మీంచి పలకరించినట్టే పలకరించాడు.

"ఏం తమ్ముడూ, నిన్నడక్కుండా ఎలా చూపిస్తాను? చెయ్యి తియ్యమంటావా, వద్దా?"